రైజెన్ 5 అంటే అన్నీ ఒకటే కాదా? చెల్లికి ల్యాప్‌టాప్ కొనాలి, బుర్ర తిరుగుతోంది

#1 ఖమ్మంమిర్చి
మా చెల్లికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ సీటొచ్చింది, వచ్చే నెల క్లాసులు. సీటొస్తే ల్యాప్‌టాప్ కొనిపెడతానని మాటిచ్చా, ఇప్పుడు రోజూ గుర్తు చేస్తోంది. బడ్జెట్ 45 వేలు, మరీ గుంజితే 50. ఆఫీసులో నాకిచ్చింది రైజెన్ 5 (ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్) దే, మూడేళ్లయింది ఇప్పటిదాకా కిక్కురుమనలేదు, అందుకని ఇంకేం ఆలోచించకుండా అదే ఫిక్స్ అయ్యా. నిన్న సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్సు) పోయి మూడు షాపులు తిరిగా. మొదటి షాపులో రైజెన్ 5 ది 36 వేలు. రెండోచోట రైజెన్ 5 దే 46. మూడోచోట 54. మూడింటి మీదా అదే స్టిక్కరు. తేడా ఏంటి అనడిగితే మొదటి షాపతను "ఏం లేదు సార్, వాళ్ళు మార్జిన్ ఎక్కువేసుకుంటారు, మాది కూడా 7000 సిరీసే, లేటెస్ట్" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో తీసిన ఫొటోలు చూస్తే 36 వేలది 7520యూ, 46 ది 7530యూ, 54 ది 7535హెచ్‌ఎస్. నంబర్లో పదే తేడా, రేటులో పదివేలు తేడా. ఇందులో ఎవరు నన్ను ముంచుతున్నట్టు? ఆదివారం మళ్ళీ పోతున్నా, ఈలోపు చెప్పండి

#2 బెజవాడబాబాయ్
నంబరుకి వెయ్యి చొప్పున లెక్క కట్టినట్టున్నారు. 7520 నుంచి 7530 కి పది, పదివేలు. కరెక్టుగానే ఉంది కదా

#3 నంబర్ల_నరసింహ
షాపులవాళ్ళ తప్పు సగమే, మిగతా సగం నంబర్లు పెట్టినవాళ్ళది. 2023 నుంచి ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్ చిప్పులకి కొత్త పద్ధతి తెచ్చారు. నాలుగంకెల్లో మొదటిది మోడల్ సంవత్సరం, 7 అంటే 2023, 8 అంటే 2024. అందుకే నీకు లేటెస్ట్ అన్నాడు, అందులో అబద్ధమూ లేదు నిజమూ లేదు. రెండోది తరగతి, పెద్దదైతే పైది. అసలు గుట్టంతా మూడో అంకెలో ఉంది, లోపల ఉన్న కోరు (లెక్కలు చేసే భాగం) ఏ తరం జెన్నో చెప్పేది అదే, జెన్ అంటే ఏఎమ్‌డీ కోరు డిజైను పేరు. 7520 లో మూడో అంకె 2, అంటే జెన్ 2. జెన్ 2 పుట్టింది 2019 లో. 7530 అంటే జెన్ 3, అది 2020 చివర్లో వచ్చింది. 7640 లాంటివైతే జెన్ 4. నాలుగో అంకె 0 లేదా 5 ఉంటుంది, 5 అయితే అదే తరంలో కాస్త మెరుగైన రకం, నీ 54 వేల 7535 అందుకే జెన్ 3 ప్లస్.

ఇప్పుడు లోపలికి చూడు. 7520యూ లో 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), ఎల్3 క్యాష్ (చిప్పు లోపలి చిన్న మెమరీ) 4 ఎంబీ. 7530యూ లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, క్యాష్ 16 ఎంబీ. గ్రాఫిక్స్ చూస్తే 7520 లో కంప్యూట్ యూనిట్లు రెండే రెండు, 7530 లో పాత తరం వేగా (Vega) గ్రాఫిక్సే కానీ ఏడు. అంటే ఈ రెండూ అన్నదమ్ములు కాదు, ఇంటిపేరు కలిసిందంతే. నీకు 36 వేలకి చూపించింది కొత్త సంచిలో పాత బియ్యం

#4 బెజవాడబాబాయ్
పాత బియ్యమైతే మంచిదే కదండీ, అన్నం పొడిపొడిలాడుద్ది

#5 నంబర్ల_నరసింహ
బాబాయ్ నువ్వు ప్రతి థ్రెడ్‌లోనూ తిండి దగ్గరికే తెస్తావ్

#6 సీమటపాకాయ్
ఆ 7520యూ నే నా దగ్గర ఉండాది, పోయినేడు కొన్న్యా. నిజం సెప్తా, చిప్పు మీద నాకేం కోపం ల్యా. వర్డు, బ్రౌజరు, మా అంగడి లెక్కలు, రాత్రికి ఒక సినిమా, ఇవన్నీ బాగానే నడుస్తాయి. చేతిలో పట్టుకుంటే సల్లగా ఉంటాది, ఫ్యాను సప్పుడు కూడా రాదు. నా ఏడుపు వేరే. కొనేటప్పుడు అంగడాయప్ప "ఇప్పటికి 8 జీబీ సాలు, రేపు కావాలంటే ఇంకో 8 ఏసుకోవచ్చు" అన్యాడు. ఆర్నెల్లకి ర్యామ్ కొనుక్కోని మెకానిక్ కాడికి పోతే ఆయప్ప ఎనకాల పది స్క్రూలు ఇప్పి, మూత లేపి, నన్ను పిల్చి సూపించినాడు. ర్యామ్ పెట్టే సందే ల్యా. బోర్డు మీద నల్లగా సిన్న సిన్న బిళ్ళలు అతికించి ఉండాయి, అదే ర్యామంట. "ఇది పుట్టుకతో వచ్చిందప్పా, పెంచేదానికి కాదు" అన్యాడు. కొన్న ర్యామ్ ఎనక్కి తీసుకోలేదు, మా బామ్మర్ది పాత ల్యాప్‌టాప్‌లో ఏసినాం. వానికి పండగ

#7 నంబర్ల_నరసింహ
సీమ అన్న చెప్పింది చాలా ముఖ్యం. అది ఆ ఒక్క మోడల్ సంగతి కాదు, 7320యూ, 7520యూ ఈ రెండు చిప్పులూ ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌తో మాత్రమే పనిచేస్తాయి, ఆ ర్యామ్ బోర్డుకి అతికించే వస్తుంది. అంటే ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయినా సరే ఈ నంబరు కనిపించిందంటే ర్యామ్ పెంచడం ఉండదు, స్లాట్ ఉందని ఎవడన్నా చెప్తే వాడు విప్పి చూడలేదని అర్థం. ఆ నంబరుతో 16 జీబీది దొరికితే అప్పుడు వేరే లెక్క

#8 ఫైనలియర్_పిల్ల
నేను సీఎస్‌ఈ ఫైనలియర్, మీ చెల్లి రాబోయే నాలుగేళ్లు నేను ఇప్పుడే దాటొచ్చా కాబట్టి చెప్తున్నా. ఫస్టియర్‌లో మాకు టర్బో సీ. అవును ఇప్పటికీ టర్బో సీ నే, నీలం స్క్రీను. అది 64 బిట్ విండోస్‌లో మామూలుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్ పెట్టి దాంట్లో నడిపిస్తారు. దానికి మా తాతయ్య కాలిక్యులేటర్ చాలు, రైజెన్ ఎందుకు. సెకండియర్‌లో జావా, పైథాన్, డీబీఎమ్‌ఎస్, అప్పటికీ ఫర్లేదు. అసలు పరీక్ష థర్డియర్ మినీ ప్రాజెక్టు. ఆండ్రాయిడ్ స్టూడియో ఓపెన్ చేసి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోను) ఆన్ చేసి పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు పెట్టుకుని టీమ్స్‌లో గైడ్‌తో మాట్లాడుతుంటే 8 జీబీ ల్యాప్‌టాప్ మౌస్ బాణం కూడా కదల్దు. మా బ్యాచ్‌లో 8 జీబీ వాళ్ళందరూ ఎమ్యులేటర్ మానేసి ఫోను కేబుల్ పెట్టి టెస్ట్ చేసుకున్నారు. సో 16 జీబీ, ఇందులో బేరం లేదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. హాస్టల్ అయితే మా రూములో నలుగురికి ఒకటే ప్లగ్ పాయింటు, అదీ తలుపు వెనకాల. దాంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లో నాలుగు ఫోన్లు, ఒక కెటిల్ (వార్డెన్‌కి తెలీదు). గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్న అమ్మాయి చార్జరు ఇటుకంత ఉంటుంది, పెడితే పక్క సాకెట్ మూసుకుపోతుంది, రోజూ గొడవ. బరువు కూడా చూడండి అన్నా, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేది తను, మీరు కాదు

#9 ఖమ్మంమిర్చి
ఫైనలియర్ అమ్మా భలే చెప్పావ్. చెల్లి ఇది చదివి "అక్కని అడుగు, కెటిల్ ఏది కొన్నారో" అంటోంది.
నరసింహగారూ, అయితే షాపులో నిలబడి ర్యామ్ అతికించిందా స్లాటుదా అని ఎలా తెలుస్తుంది? వాళ్ళు విప్పనివ్వరు కదా

#10 నంబర్ల_నరసింహ
విప్పక్కర్లేదు. డెమో పీసు ఆన్ చేయించి కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫామెన్స్‌లోకి పోయి సీపీయూ మీద నొక్కితే పైన కుడివైపు పూర్తి పేరు, కింద కోర్స్ ఎన్ని, లాజికల్ ప్రాసెసర్స్ ఎన్ని అని ఉంటుంది. 4, 8 కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయ్. 6, 12 ఉంటే ముందుకెళ్ళు. తర్వాత మెమరీ మీద నొక్కు, ఫామ్ ఫ్యాక్టర్ అని ఒక లైనుంటుంది, అక్కడ సోడిమ్ అని ఉంటే పీకి మార్చుకునేది, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే సీమ అన్న చూసిన నల్లబిళ్ళలే. కొన్నిట్లో 8 అతికించి పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఇస్తారు, అదీ పనికొస్తుంది, కాకపోతే అది మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్‌లో కన్ఫర్మ్ చేసుకోవాలి.

అక్కడే ఇంకో తమాషా కనిపిస్తుంది. 8 జీబీ అని రాసి ఉన్నా వాడుకోడానికి 7.3 అనో, కొన్నిట్లో 5.9 అనో చూపిస్తుంది. దొంగతనం కాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి గ్రాఫిక్స్ వాటా ర్యామ్‌లోంచే పక్కన పెడతారు. అందుకే రెండు ర్యామ్ ముక్కలు వేస్తే డ్యూయల్ చానెల్ (డేటాకి రెండు దారులు) అయ్యి గ్రాఫిక్స్ కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది

#11 బెజవాడబాబాయ్
ఇంత లెక్కలు ఎందుకు గురూ. ఇంటెల్ ఐ5 తీసుకోండి, పీడా పోద్ది. అదే 46 వేలకి ఐ5 1235యూ వస్తంది, పది కోర్లు! మీ రైజెన్‌కి ఆరు. పది పెద్దదా ఆరు పెద్దదా? పైగా ఏఎమ్‌డీ అంటే వేడి. నా ఇంజినీరింగ్‌లో ఒకడి దగ్గరుండేది, చలికాలంలో అందరం వాడి బల్ల చుట్టూ కూచునేవాళ్ళం

#12 లైనక్సమ్మ
బాబాయ్, ఆ పదిలో పెద్ద కోర్లు రెండే. మిగతా ఎనిమిదీ కరెంటు పొదుపు కోసం పెట్టిన చిన్నవి. 12వ తరం నుంచి ఇంటెల్ పద్ధతి ఇది. ఇద్దరు మేస్త్రీలు, ఎనిమిదిమంది కూలీలు అనుకో. గోడ పెద్దదైతే అందరూ కలిసి బాగానే లేపుతారు, నేను తీసిపారేయట్లేదు, రోజువారీ పనికి ఆ ఇద్దరు మేస్త్రీలే చాలా చురుకు. కానీ ఆరుగురు మేస్త్రీలున్న చోట "మా దగ్గర పదిమంది" అని గొప్పలు చెప్పకు. 2024 నుంచి ఐ తీసేసి కోర్ 5 120యూ అని అమ్ముతున్నారు, అందులోనూ ఇద్దరు మేస్త్రీలు, ఎనిమిదిమంది కూలీలే. ఇంటెల్‌లోనే కావాలంటే హెచ్ ఉన్నవి చూడు, 12450హెచ్ లో నలుగురు నలుగురు

#13 నంబర్ల_నరసింహ
వేడి సంగతి. అది రైజెన్‌కి ముందు మాట. 2015, 16 ప్రాంతంలో ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్ చిప్పులు 28 నానోమీటర్లలో ఉండేవి (ఈ అంకె తగ్గేకొద్దీ కరెంటు, వేడి తగ్గుతాయి), అప్పటికే ఇంటెల్ 14కి వచ్చేసింది. ల్యాప్‌టాప్ రైజెన్ 2017 చివర్లో వచ్చింది, 2020 లో 4000 సిరీస్ 7 నానోమీటర్లతో వచ్చాక కథ తిరగబడింది. బాబాయ్ ఫ్రెండు బల్ల చల్లారి పదేళ్లయింది, ఈయన మాత్రం ఇంకా చేతులు కాచుకుంటున్నాడు

#14 బెజవాడబాబాయ్
😂 సరే ఒప్పుకున్నా. మేస్త్రీల పోలిక బాగుంది, మా ఇల్లు కట్టినప్పుడు పదిమంది వచ్చి ఇద్దరే పని చేసేవాళ్ళు, అప్పుడు తెలీలా అది ఇంటెల్ ఆర్కిటెక్చర్ అని

#15 రిపేరుబల్ల
వరంగల్ల నాది రిపేరు షాపు, పద్నాలుగేండ్లాయె. మీరందరు చిప్పు చిప్పు అని కొట్టుకుంటున్రు, నా బల్ల మీదికి చిప్పు కరాబై వచ్చింది ఏడాదికి ఒకటో రెండో. రోజు వచ్చేటియి ఏంటియో చెప్త. ఒకటి, మూత కీళ్ళు. హింజ్ అంటరు కదా. సస్తా బాడీలల్ల ప్లాస్టిక్‌ల ఇత్తడి నట్టు గుచ్చి దానికి స్క్రూ బిగిస్తరు. కొత్తగున్నప్పుడు కీలు బిర్రుగ ఉంటది, పోరగాళ్ళు ఒక మూల పట్టుకొని మూత లేపుతరు, ఒకనాడు ఆ ప్లాస్టిక్ పలిగి ఇత్తడి నట్టు ఊడి చేతిలకొస్తది. స్క్రూ మంచిగనే ఉంటది, పట్టుకునే జాగనే ఉండది. ఎం-సీల్ పెట్టి అతికిస్త కానీ అది అతుకే. అందుకే షాపుల ఉన్నప్పుడే చూసుకోవాలె, మూత నడిమిట్ల ఒంటి వేలితోని లేపు. కింది బాడీ ఎంబడి లేవకుండ మూత ఒక్కటే లేస్తే కీలు మంచిదే. లేపేటప్పుడు కిర్రుమని ప్లాస్టిక్ వంగితె దాన్ని కొనకు, 7530 అయిన గాని 9999 అయిన గాని.

రెండోది చార్జింగ్ పిన్ను. సన్న పిన్ను ఉన్నదానికన్న టైప్ సీ చార్జింగ్ ఉన్నది నయం, చార్జరు పోతే బయట దొరుకుతది. మూడోది చాయ్. కీబోర్డు మీద పడే చాయ్‌కి ఏ కంపెనీ వారంటీ ఇయ్యదు. నాలుగోది పరుపు. మీరు వేడి వేడి అంటున్రు కదా, హాస్టల్ పోరలు పరుపు మీద పెట్టి నడిపిస్తరు, గాలి గుంజుకునే సందులు కిందికే ఉంటయ్, దూది, వెంట్రుకలు లోపలికి పోయి ఫ్యాను పక్కకు సన్న కంబళి లెక్క పేరుకుంటది. మొన్న ఒక పిల్లది విప్పితె ఆ కంబళి చింపకుండ ఒకటే ముక్కగ వచ్చింది, ఆమెకే చూపెట్టిన, షీ అన్నది. బ్రష్ కొట్టి, పేస్టు మార్చి ఇచ్చిన, కొత్తదాని లెక్క నడుస్తాంది. ఆ పిల్ల వచ్చేటప్పుడు "ప్రాసెసర్ పోయిందన్నా" అనే వచ్చింది

#16 ఫైనలియర్_పిల్ల
ఆ పిల్ల నేను కాదు అని చెప్పుకోవాలనుంది కానీ మా హాస్టల్లో అందరం అంతే

#17 డాలస్‌మావయ్య
ఖమ్మం తమ్ముడూ, మీ బంధువులెవరైనా ఇక్కడుంటే వచ్చేటప్పుడు తెమ్మనండి. థాంక్స్‌గివింగ్ సేల్‌లో జెన్ 4 వి చవగ్గా వస్తాయి. 18 ఏళ్ళు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు

#18 సీమటపాకాయ్
మావా, పిల్లకి క్లాసులు వచ్చే నెల, నీ థాంక్స్‌గివింగ్ నవంబర్. అప్పటిదాంకా పలకా బలపం పట్టుకోని పోతాదా

#19 లైనక్సమ్మ
నా అనుభవం చెప్తా, మా అన్న 2022 లో తెచ్చాడు. రేటు చూసి సంబరపడ్డాం, దాని మీద టెక్సాస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం వేరేగా పడుతుందని బిల్లు చూశాకే తెలిసింది, అక్కడ రేట్లలో పన్ను కలిపి చూపించరు కదా. సరే ఇక్కడ 18 శాతం జీఎస్టీ కంటే నయమే అనుకున్నాం. ఏడో నెలలో స్క్రీన్‌కి గీత పడింది. ఇక్కడ సర్వీస్ సెంటర్ వాళ్ళు సీరియల్ నంబర్ కొట్టి "ఈ మోడల్ ఇండియాలో అమ్మం, పార్టు రాదు" అన్నారు. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు వేరే కంపెనీలూ అదే చెప్తాయని విన్నా. కొనేముందు ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడగండి, మీ మావయ్య మాట మీద కాదు

#20 డాలస్‌మావయ్య
మంచికి చెప్తే మావయ్య మాట చెల్లదు. బాగుంది.
(రాతపూర్వకంగా అడగడం మాత్రం నిజమే, మా తోడల్లుడికీ అదే అయ్యింది)

#21 కొత్తగా_చేరా
స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు ఎవరూ చెప్పట్లేదేంటి? బ్యాటరీ అదిరిపోతుందంట, ప్లగ్ పాయింట్ గొడవే ఉండదు కదా

#22 టెండరుపేపరు
బ్యాటరీ మాట నిజం. నేను చిన్న కాంట్రాక్టర్‌ని, 2024 చివర్లో అది కొన్నా, పొద్దున్న చార్జింగ్ పెట్టి సైటుకి తీసుకెళ్తే సాయంత్రం దాకా వచ్చేది. ఓ రోజు టెండర్ ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడింటికి క్లోజింగ్, డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చితే కంప్యూటర్ గుర్తుపట్టలా. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తే ఎర్రర్. అప్పుడు ఫోన్ చేస్తే ఒకాయన చెప్పాడు, ఈ చిప్పు ఆర్మ్ రకం, మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్ అయితే ఎమ్యులేషన్‌లో (మామూలు చిప్పులా నటించి) నడిపించేస్తుంది కానీ డ్రైవర్లు ఎమ్యులేషన్‌లో నడవవు, ఆర్మ్ కోసం వేరేగా రాసినవే కావాలి అని. నా టోకెన్‌కి అది లేదు. బండేసుకుని నెట్ సెంటర్‌కి పరిగెత్తి పాత డబ్బా కంప్యూటర్‌లో 2:51 కి అప్‌లోడ్ చేశా. ఆ నెట్ సెంటర్ కంప్యూటర్‌కి దణ్ణం పెట్టాలనిపించింది. చిప్పుని తిట్టను, నేను చూసుకోకపోవడం నా తప్పు. చెల్లికి కాలేజీ వాళ్ళు ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఏమేం వాడతారో తెలియనప్పుడు మాత్రం పాత రకం ఎక్స్86 తీసుకోవడమే మేలు, అంటే ఇంటెల్ గానీ ఏఎమ్‌డీ గానీ

#23 బెజవాడబాబాయ్
టెండర్ వచ్చిందా లేదా అది చెప్పండి ముందు

#24 టెండరుపేపరు
ఎల్2 వచ్చా, అంటే తక్కువ రేటులో రెండోవాణ్ణి. 😑

#25 ఖమ్మంమిర్చి
అందరికీ థ్యాంక్స్, చాలా క్లారిటీ వచ్చింది. ఒక్క డౌటు. 54 వేలది 7535హెచ్‌ఎస్ మీద మనసు పోతోంది, ఇంకో నాలుగు వేలు అప్పు చేసి తీసుకోనా? ఇంకో షాపతను ఫోన్ చేసి "ఏఐ ల్యాప్‌టాప్ తీసుకోండి సార్, 68, ఈఎమ్ఐ ఉంది, నాలుగేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు

#26 నంబర్ల_నరసింహ
ఏఐ సంగతి మర్చిపో. మైక్రోసాఫ్ట్ వాడు కోపైలట్ ప్లస్ ముద్ర వేయాలంటే ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం చిప్పులో విడిగా ఉండే భాగం) 40 టాప్స్ (దాని వేగం కొలత) ఉండాలి, ర్యామ్ 16 ఉండాలి. రైజెన్ ఏఐ 300 సిరీస్ అలాంటిది, 2024 లో వచ్చింది, మంచి చిప్పులే. కానీ ఏఐ అని స్టిక్కరున్న ప్రతీదీ ఆ లెక్కకి రాదు, 8845హెచ్‌ఎస్ మీదా ఏఐ అని ఉంటుంది, దాని ఎన్‌పీయూ 16 టాప్సే. ఎలాగైనా ఫస్టియర్ పిల్లకి దాంతో పని లేదు. రేపు మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేసినా బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ ఉచితంగా ఉంది, లెక్కలన్నీ వాళ్ళ కంప్యూటర్లలోనే నడుస్తాయి.

7535హెచ్‌ఎస్ మంచిదే. గ్రాఫిక్స్ కొత్త తరం 660ఎమ్, ర్యామ్ డీడీఆర్5. కానీ హెచ్‌ఎస్ అంటే కరెంటు ఎక్కువ తాగే రకం, ప్లగ్ దగ్గర కూర్చునేవాళ్ళకి బాగుంటుంది. తలుపు వెనకాల ప్లగ్ పాయింటు గుర్తుందిగా? ఆ డబ్బు ర్యామ్‌కి పెట్టు

#27 లైనక్సమ్మ
నేను ఒప్పుకోను. హెచ్‌ఎస్ అయినా చిన్న పనులప్పుడు తక్కువే తాగుతుంది, బ్యాటరీ ఎంత వస్తుందన్నది బ్యాటరీ సైజుని బట్టి, స్క్రీన్‌ని బట్టి కూడా. 7535 ని 70 వాట్‌అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో ఆ కొలత) బ్యాటరీతో ఇస్తే 40 వాట్‌అవర్ 7530 కంటే ఎక్కువే రావచ్చు. అక్షరం చూసి తీర్పు చెప్పడం కూడా నువ్వు చెప్పిన స్టిక్కర్ చూసి కొనడం లాంటిదే నరసింహా

#28 నంబర్ల_నరసింహ
అదీ నిజమే. వాట్‌అవర్లు డబ్బా మీద చూడు మిర్చి. అక్షరాల దగ్గర తొందరపడ్డా

#29 లైనక్సమ్మ
చరిత్రలో మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.
మిర్చీ, స్క్రీన్ కూడా అడుగు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపిస్తుందో ఆ కొలత) అంటే రంగులు కడిగేసినట్టుంటాయి, కోడింగ్‌కి ఫర్లేదు. టీఎన్ ప్యానెల్ మాత్రం వద్దు, పక్కనుంచి చూస్తే ఏమీ కనపడదు, పక్కసీటు ఫ్రెండుకి చూపించాలంటే ల్యాప్‌టాప్ తిప్పాలి. ఇంక మీ చెల్లి ఎప్పుడైనా విండోస్ బదులు లైనక్స్ వేస్తానంటే (వేస్తుంది, థర్డియర్‌లో అందరికీ ఆ జ్వరం వస్తుంది) వైఫై కార్డు ఏదో రాసిపెట్టుకో. ఏఎమ్‌డీ వాటిల్లో ఎక్కువగా మీడియాటెక్, రియల్‌టెక్ కార్డులుంటాయి, పాత కెర్నల్‌లో (లైనక్స్ గుండెకాయ) డ్రైవర్ దొరక్క నెట్ రాదు. కార్డు విడిగా స్లాటులో ఉంటే ఇంటెల్ ఏఎక్స్210 వేసుకోవచ్చు, ఏఎక్స్211 కొనకు, అది ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తుంది

#30 తోటమాలి (మోడరేటర్)
బెజవాడబాబాయ్ పెట్టిన పాత బియ్యం పులిహోర ఫొటో తీసేశా. వంటల విభాగం వేరే ఉంది

#31 ఖమ్మంమిర్చి
ఆదివారం రిపోర్టు. పొద్దున పదకొండింటికే పోయాం, చెల్లి కూడా వచ్చింది. మొదటి షాపతను గుర్తుపట్టి "రండి సార్, 36 ది 35 కి చేస్తా" అన్నాడు. నేనేం మాట్లాడకుండా టాస్క్ మేనేజర్ ఓపెన్ చేశా. 4, 8. మెమరీలో రో ఆఫ్ చిప్స్. "ర్యామ్ పెంచుకోవచ్చా" అనడిగా, "తప్పకుండా సార్" అన్నాడు. స్క్రీన్ అతని వైపు తిప్పా. రెండు సెకన్లు చూసి "మీరు సాఫ్ట్‌వేరా సార్" అన్నాడు. చెల్లి నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయింది.

రెండో షాపులో 7530యూ, టాస్క్ మేనేజర్‌లో 6, 12. 8 అతికించింది, ఒక స్లాట్ ఖాళీ, కంపెనీ సైట్‌లో కూడా చూసి కన్ఫర్మ్ చేసుకున్నా. మూత ఒంటివేలితో లేపా, కింది బాడీ కదల్లేదు. షాపతను "ఇలా చూసేవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కళ్ళూ రాలేదు" అన్నాడు, నాకు రిపేరన్న మీద గౌరవం పెరిగింది. టైప్ సీ చార్జింగ్, బరువు కేజీన్నర లోపే. 46 అన్నది బేరమాడితే 44,500. 8 జీబీ డీడీఆర్4 ముక్క ఇంకో రెండు వేల చిల్లర, అక్కడే కౌంటర్ మీద వేయించా, సీల్ విప్పితే వారంటీకి ఇబ్బంది లేదని బిల్లు వెనక రాయించి స్టాంపు వేయించా (లైనక్సమ్మ అక్క ఎఫెక్టు). ఆన్ చేస్తే 15.3 చూపించింది. మౌసు, బ్యాగు ఫ్రీ, బ్యాగు జిప్పు ఆటోలోనే ఊడింది.

ఇంటికొచ్చేదాకా చెల్లి ఒక్కటే అడిగింది, వేరే రంగు లేదా అని

#32 రిపేరుబల్ల
మంచిగ తీస్కున్నవ్ తమ్మి. ఒక చెక్క ప్యాడు కొనియ్యి, పరీక్షలకు పట్టుకుపోయేది, ముప్పై రూపాయలు. పరుపు మీద దాని మీద పెట్టుకుంటది

#33 సీమటపాకాయ్
ఆ మొదటంగడాయప్ప, నాకమ్మినాయప్ప ఒగరేనేమో అని అనుమానంగా ఉండాది. కళ్ళజోడు ఉండాదా?

#34 ఖమ్మంమిర్చి
ఉంది 😂 కానీ సీటీసీలో సగంమందికి కళ్ళజోడే

#35 కొత్తగా_చేరా
నాకు రైజెన్ 7 5700యూ 38 కి ఇస్తామంటున్నారు, మూడో అంకె సున్నా ఉంది. అంటే జెన్ జీరోనా? తీసుకోవచ్చా?

#36 నంబర్ల_నరసింహ
ఆ రూల్ 7000 నుంచే బాబూ. 5000 సిరీస్‌కి ఇంకో పితలాటకం ఉంది. 5500యూ, 5700యూ జెన్ 2, మధ్యలో ఉన్న 5600యూ మాత్రం జెన్ 3. 5700యూ లో 8 కోర్లున్నాయి కాబట్టి మరీ తీసిపారేసేది కాదు, కానీ కొత్తదేనా, ఎన్నాళ్ళ నుంచి డబ్బాలో ఉందో అడుగు, బ్యాటరీ రిపోర్ట్ తీయించు. కొత్త థ్రెడ్ పెట్టు, ఇక్కడ వద్దు

#37 బెజవాడబాబాయ్
జెన్ జీరో 😂😂 కొత్త థ్రెడ్ లింకు ఇక్కడ పెట్టండి, నేనూ వస్తా